పార్సిల్ డబ్బాల గురించి మన కస్టమర్లకు నాలుగు మాటలు

అందరికీ నమస్కారం. ఈమధ్య వారాంతాల్లో మన దగ్గర పార్సిల్ తీసుకెళ్లిన కొందరికి డబ్బా అడుగు తడిసి, పులుసు కారి, కారు సీట్లు పాడయ్యాయి. కౌంటర్ దగ్గర చెప్పండి, క్లీనింగ్ ఖర్చు మేం ఇస్తాం. ఒకాయన మాత్రం ఫోటో పెట్టి "క్వాలిటీ పడిపోయింది" అని రాశారు. వంటలో తేడా వస్తే ఎంతైనా అనండి, పడతాను. ఇది వంట కాదు, డబ్బా.

మన హోటల్ ఉన్న వర్జీనియా రాష్ట్రంలో హోటళ్లవాళ్లు ఫోమ్ డబ్బాలు, అంటే మన థర్మకోల్ డబ్బాలు, వాడకూడదని చట్టం ఉంది. 20, అంతకు మించి బ్రాంచీలున్న చెయిన్లకు 2025 జులై 1 నుంచే అమలైంది. మనలాంటి చిన్న షాపులకు 2026 జులై 1 దాకా గడువు. ఆ తర్వాత వాడితే రోజుకు 50 డాలర్ల దాకా జరిమానా. మేం గడువుకు ముందే ఫోమ్ మానేశాం. "టైముందిగా అన్నా, ఇప్పుడే ఎందుకు తొందర?" అని చాలామంది అడిగారు. నది దాటితే వాషింగ్టన్ డీసీలో 2016 నుంచి, మేరీల్యాండ్‌లో 2020 అక్టోబర్ నుంచి ఫోమ్ లేదు. అటు వెళ్లే క్యాటరింగ్‌కి మేం ఎప్పుడో మానేశాం. ఒకే కిచెన్ నుంచి అటువాళ్లకు ఒకటి, ఇటువాళ్లకు ఒకటి ఇవ్వడం నాకు మొదటి నుంచీ నచ్చలేదు. పైగా ఆఖరి నెలలో అందరూ ఒకేసారి ఎగబడితే రేట్లు ఎలా ఉంటాయో కోవిడ్ అప్పుడు చూశాం కదా.

ఇక సప్లయర్ సంగతి. చెరకు పిప్పితో చేసిన డబ్బాలు శాంపిల్ ఇచ్చాడు. మరిగే సాంబారు పోసి, మూత పెట్టి, రాత్రంతా వదిలేశా. పొద్దున చూస్తే కౌంటర్ మీద చుక్క లేదు. సరే అని ఆర్డర్ పెట్టాం. వచ్చిన కేసుల మీద బొమ్మ అదే, లోపల సరుకు వేరు. నూనెను ఆపే పొరే లేదు. గోంగూర మటన్ పోసి ఇచ్చాక, మీరు ఇల్లు చేరేలోపే అడుగున మరక. ఇదివరకు ఇలాంటి వాటికి జిడ్డు అంటకుండా పీఫాస్ రసాయనాలు వాడేవారు. ఒంట్లో పేరుకుపోతాయని గొడవయ్యాక, 2024కల్లా ఫుడ్ ప్యాకింగ్‌కి ఆ సరుకు అమెరికాలో అమ్మడం ఆపేశారు. మంచిదే. కానీ దాని బదులు ఇంకో పొర ఉండాలి కదా! ఫోన్ చేస్తే "మిగతా రెస్టారెంట్లు ఎవరూ కంప్లయింట్ చేయలేదే" అంటాడు. వాళ్లు ఫ్రైస్ పెడతారు బాబూ, మేం పులుసు పోస్తాం. ఇన్నేళ్లుగా ఒక్క చెక్కూ లేటు చెయ్యని నాకు సగం డబ్బే వెనక్కిస్తాడట. ఇక అతని దగ్గర టిష్యూ పేపర్ కూడా కొనను.

ఇప్పటి నుంచి కూరలు, పప్పు, పులుసు, సాలన్ గట్టి నల్ల ప్లాస్టిక్ గిన్నెల్లో వస్తాయి. అడుగున 5 అంకె ఉంటుంది, అంటే వేడికి తట్టుకునే రకం ప్లాస్టిక్, మూత తీసి మైక్రోవేవ్‌లో పెట్టుకోవచ్చు. చట్టం ఆపింది ఫోమ్‌నే. ప్లాస్టిక్ ప్లాస్టిక్కే కదా అంటే ఒప్పుకుంటాను, కానీ ఆ గిన్నెలు కడిగి దాచుకోని తెలుగు ఇల్లు నేనైతే చూడలేదు. ఇడ్లీ, దోశలకు మాత్రం పిప్పి డబ్బాలే. ఆవిరి పీల్చుకుంటాయి కాబట్టి దోశ ఫోమ్‌లో మెత్తబడినంతగా మెత్తబడట్లేదు.

నాకు నిద్ర పట్టనివ్వనిది మీల్స్. మూడు అరల ఫోమ్ డబ్బా ఒక్కటి సరిపోయేది. ఇప్పుడు అన్నానికి ఒకటి, కూరకి ఒకటి, పప్పుకి ఒకటి. ధర పెంచాలా, అన్నం తగ్గించాలా? మా ఆవిడ పెంచమంది. మా అబ్బాయి "ఒక గరిటె తగ్గిస్తే ఎవరికి తెలుస్తుంది నాన్నా" అన్నాడు. నాకు తెలుస్తుంది కదరా! రోజుల తరబడి లెక్కలు వేసి, చివరికి మీల్స్ పార్సిల్‌కి 75 సెంట్లు పెంచుతున్నాం. బిర్యానీ ధర ముట్టుకోలేదు. షాపులోనే కూర్చుని తినేవాళ్లకు స్టీలు కంచంలో మీల్స్ పాత ధరకే, అన్నం మళ్లీ అడిగితే మళ్లీ వడ్డిస్తాం.