మామయ్యగారి ఎజ్డీని తూకానికి ఇవ్వొద్దు

జయపురం,
ఆదివారం రాత్రి

బావా,

బుధవారం ఫోన్లో మాటల మధ్యలో, "పెరట్లో నాన్న ఎజ్డీ మోటార్‌సైకిల్ ఉంది కదా, పాత ఇనుము వాడు తూకానికి తీసుకుంటానన్నాడు, ఇచ్చేయమన్నాను" అన్నావు. నాకు ఏం మాట్లాడాలో తోచలేదు. "సరేలే" అని పెట్టేశాను. అప్పట్నుంచీ ఒకటే టెన్షన్. మళ్ళీ ఫోన్ చేస్తే నీకు మధ్యలో ఇంకో కాల్ వస్తుంది, నేను చెప్పాలనుకున్నది సగంలో ఆగిపోతుంది. అందుకే కాగితం మీద పెడుతున్నాను. రేపు పొద్దున్నే స్పీడ్ పోస్టులో వేస్తాను. తీరిగ్గా కూర్చుని చదువు.

ఇవాళ మీ ఇంటికి వెళ్ళాను. అత్తయ్య ఉప్మా పెట్టారు, టీ ఇచ్చారు, తర్వాత ఆవిడకి చెప్పి పెరట్లోకి వెళ్ళాను. పనసచెట్టు పక్కన రేకుల పాకలో గోనెసంచుల కింద ఉంది బండి. రెండు టైర్లూ గాలి పోయి నేలకి అతుక్కున్నాయి. సీటు లోపలి స్పాంజి ఎలకలు తోడేశాయి. ట్యాంకు మూత తీస్తే ఎన్నాళ్ళనాటి పెట్రోలో, వార్నిష్ వాసన గుప్పుమంది. నేను సంచిలో పానాలు పట్టుకునే వెళ్ళాను. ప్లగ్గు విప్పి, ఆ కన్నంలో రెండు మూతలు ఆయిల్ పోసి, ముప్పావుగంట ఆగాను. అప్పుడు కిక్కు రాడ్డు లోపలికి నొక్కి, పైకెత్తి, కాలితో కాదు, చేత్తోనే మెల్లిగా అదిమాను. మొదట రాయిలా ఉంది. ఇంకాస్త అదిమితే "స్‌స్‌స్" అంటూ కదిలింది బావా. ప్లగ్గు కన్నం మీద బొటనవేలు పెడితే గాలి వేలిని నెట్టింది. ఇంజన్ పట్టెయ్యలేదు, బిగుసుకుపోలేదు. బతికే ఉంది. నువ్వు దాన్ని కేజీల లెక్కన ఇచ్చేస్తానంటున్నావు.

నీకు గుర్తుందో లేదో, మామయ్య పొద్దున్న స్కూలుకి బయల్దేరేటప్పుడు మనిద్దరం అరుగు మీద కూర్చుని చూసేవాళ్ళం. పెట్రోల్ కాక్ తిప్పేవారు. కార్బరేటర్ పక్కనున్న చిన్న బుడిపె నొక్కి పెట్రోల్ పొంగి వేలు తడిసేదాకా ఆగేవారు. ఆ వేలు జేబురుమాలుకి తుడుచుకుని, ఎడమవైపున్న రాడ్డుని పైకెత్తి ఒక్క తన్ను. రెండోది నేనెప్పుడూ చూడలేదు. స్టార్టయ్యాక అదే రాడ్డుని ముందుకి వంచితే గేరు రాడ్డు అయిపోయేది. కిక్కూ అదే, గేరూ అదే. ఆ వయసులో నాకది పెద్ద గారడీలా ఉండేది. ఇప్పటికీ అలాగే ఉంది, నిజం చెబుతున్నాను.

ఊళ్ళో అందరూ దాన్ని జావా అనే అనేవారు, ట్యాంకు మీద ఎజ్డీ అని రాసున్నా. ఆ అనడంలో తప్పు లేదు. జావా అసలు చెకోస్లోవేకియాది. 1929లో జానెచెక్ అనే ఆయన వాండరర్ అనే జర్మన్ కంపెనీ నుంచి మోటార్‌సైకిల్ హక్కులు కొని, తన పేరులోంచి "జా", వాళ్ళ పేరులోంచి "వా" తీసి కలిపాడు. ఇక్కడ రుస్తుం ఇరానీ, ఫరోఖ్ ఇరానీ మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ పెట్టి 1961 నుంచి బండ్లు తయారు చేశారు. 1973 నుంచి వాటికి ఎజ్డీ అని పేరు. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. అంటే మామయ్య బండిలాంటిది ఇంకొకటి ఎక్కడా తయారవదు. ఉన్నవాటిలో ఒకటి తగ్గితే తగ్గినట్టే.

"పాత బండంటే అంత మోజేమిటి, ఆ డబ్బుతో కొత్తది రాదా" అని నువ్వు నన్ను మూడేళ్ళుగా అడుగుతున్నావు. నా రోడ్‌కింగ్, అదీ ఎజ్డీయే, కొన్నప్పుడు మీ చెల్లెలూ అదే అడిగింది. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పగలను, ఎందుకంటే సుంకి ఘాట్‌లో ఆ బండే నాకు చెప్పింది.

కొన్న మొదటి నెలలో సాలూరు బయల్దేరాను, మేనత్తని చూడ్డానికి. కొరాపుట్, సెమిలిగుడ, పొట్టంగి దాటేదాకా బండి పాట పాడినట్టు వెళ్ళింది. దేవమాలి కొండ వైపు మబ్బులు దిగి ఉన్నాయి, రోడ్డు పొడిగా ఉంది. సుంకి దాటాక దిగుడు మొదలైంది. పెట్రోల్ కలిసొస్తుంది కదా అని యాక్సిలేటర్ పూర్తిగా వదిలేసి, గేర్లోనే దింపుకుంటూ పోతున్నాను. మూడు నాలుగు మలుపులు బాగానే ఉంది. ఉన్నట్టుండి సైలెన్సర్ చప్పుడు పోయి, ఇనుము ఇనుముతో రాసుకున్నట్టు ఒక కీచు. వెనక చక్రం బిగుసుకుని బండి పక్కకి జారింది. చెయ్యి దానంతటదే క్లచ్ పట్టేసుకుంది, అందుకే ఇవాళ ఈ ఉత్తరం రాస్తున్నాను. ఎదురుగా లోడు లారీ ఒకటి ఎక్కుతోంది. రోడ్డు పక్కకి తోసి, రాయి మీద కూర్చుని వణికాను.

ఆ లారీ డ్రైవర్ బండి ఆపి దిగాడు. సాలూరు మనిషి, జుట్టు ముగ్గుబుట్ట. "జావానా బాబూ? పిస్టన్ పట్టేసింది. ముట్టుకోకు, చల్లారనీ" అన్నాడు. తర్వాత అసలు సంగతి చెప్పాడు. ఇప్పటి ఫోర్ స్ట్రోక్ బండికి ఆయిల్ అడుగున విడిగా ఉంటుంది, యాక్సిలేటర్ ఇచ్చినా మానినా పిస్టన్‌కి అందుతుంది. ఈ బండిలాంటి టూ స్ట్రోక్‌కి అలా కాదు. పెట్రోల్లో కలిపి పోసిన ఆయిలే పిస్టన్‌కి తిండి. దిగుట్లో యాక్సిలేటర్ మూసేస్తే చక్రం ఇంజన్ని తిప్పుతూనే ఉంటుంది, తిండి మాత్రం ఆగిపోతుంది. పిస్టన్ ఎండిపోయి, వేడెక్కి, ఉబ్బి బోరుని, అంటే అది ఆడే సిలిండర్ లోపలి గోడని, పట్టేస్తుంది. "దిగుట్లో మధ్య మధ్య క్లచ్ పట్టి ఒకసారి రేజ్ ఇవ్వాలి బాబూ, పిల్లాడికి నీళ్ళు తాగించినట్టు" అన్నాడు. అరగంట తర్వాత కిక్కు కొడితే కదిలింది. మెల్లిగా సాలూరు చేరాను. తర్వాత బోరు చేయించి కొత్త పిస్టన్ వేయించాల్సి వచ్చింది.

ఆ రోజు నుంచి నేను తోలే తీరే మారిపోయింది. నా చెవి ఎప్పుడూ ఇంజన్ దగ్గరే ఉంటుంది. ఎక్కుట్లో శబ్దం కాస్త బొంగురుపోతే గేరు తగ్గిస్తాను. ఐడ్లింగ్‌లో అది ఒకటి పేలి, ఒకటి మానేసి, రెండు పేలి, "టంగ్... టంగ్‌టంగ్... టంగ్" అంటుంది చూడు, ఆ మానేసిన చోట ఎంతసేపు ఆగిందో వింటే చాలు, గాలి ఎక్కువైందో పెట్రోల్ ఎక్కువైందో తెలిసిపోతుంది. ప్లగ్గు విప్పితే ఇటుకరంగు ఉందా, మసి పట్టిందా చూస్తాను. మా అబ్బాయి బండి బటన్ నొక్కితే స్టార్టవుతుంది, మంచి బండి, ఒక్కరోజు ఇబ్బంది పెట్టలేదు. కానీ దాని మీద వెళ్ళొస్తే దారిలో ఏం చూశానో గుర్తుండదు. ఎజ్డీ మీద కొరాపుట్ ఘాట్ ఎక్కి వస్తే ఏ మలుపులో ఏ గేరు వేశానో, ఎక్కడ చలిగాలి తగిలిందో, ఎక్కడ చింతచెట్టు నీడ దాటానో అంతా ఒంట్లో ఉండిపోతుంది. నాకు కావలసింది అదే బావా. నేను కూడా పని చేస్తేనే నడిచే బండి కావాలి నాకు.

క్లచ్ అంటే గుర్తొచ్చింది. దీనికి గేరు మార్చడానికి క్లచ్ పట్టక్కర్లేదు, గేరు రాడ్డు తొక్కితే అదే లోపల క్లచ్‌ని ఎత్తేస్తుంది. మామయ్య ఎడమచేత్తో పంచె సర్దుకుంటూ గేరు మార్చడం ఇందుకేనని నాకు యాభయ్యో ఏట తెలిసింది.

ఇంక మనుషుల సంగతి. కొత్త బండి పక్కన నిలబడితే నిన్నెవరూ పలకరించరు. ఈ బండి ఎక్కడ ఆపినా ఎవరో ఒకరు వస్తారు. మొన్న పొట్టంగి దగ్గర సంతలో ఆపితే, మండియా పేజ్ అమ్మే ఒకామె, అదే మన చోడి అంబలి, పక్కనున్న వాళ్ళాయన్ని పిలిచి చూపించింది. ఆయన వచ్చి రెండు సైలెన్సర్లూ చేత్తో తడిమి, "సిలిండర్ ఒకటే కదా, పొగగొట్టాలు రెండెందుకు" అని ఒడియాలో అడిగాడు. ఒకే సిలిండర్‌కి రెండు దారులు ఉన్నాయని వంగి చూపించాను. ఆయన ఏమీ అనకుండా అంబలి ఇచ్చాడు, డబ్బులు తీసుకోలేదు. సునాబెడలో విమానాల ఇంజన్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన ఒకాయన ఉన్నారు. ఆయన నాకు స్పార్క్ ఇప్పించే పాయింట్ల మధ్య సిగరెట్ కాగితం పెట్టి టైమింగ్ చూడడం నేర్పారు. కాగితం ఏ క్షణాన జారివస్తుందో అదే స్పార్క్ వచ్చే క్షణం. ఈ బండి లేకపోతే ఆయన ఎవరో, నేనెవరో.

కష్టాలు దాచను. పొగ వస్తుంది. బ్రేకులు డ్రమ్ములు, ఘాట్‌లో ముందే ఆలోచించి పట్టాలి. నాది లీటరుకి 27 కిలోమీటర్లు ఇస్తుంది, అంతే. వెనకటిలా బంకులో ఆయిల్ కలిపి పోసేవాళ్ళు లేరు, లీటరుకి 40 మిల్లీలీటర్ల లెక్కన 2టి, అంటే టూ స్ట్రోక్ ఆయిల్, సీసా నేనే పెట్టుకు తిరుగుతాను. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది, అది నీటిని పీల్చుకుంటుంది, అందుకని వానాకాలంలో బండి నెలల తరబడి ఆపితే ట్యాంకు ఖాళీ చేస్తాను. సామాను మైసూరు నుంచో బెంగళూరు నుంచో తెప్పించుకోవాలి. కొత్తగా జావా 2018లోనూ, ఎజ్డీ 2022లోనూ మళ్ళీ వచ్చాయి, నీళ్ళతో చల్లబడే ఫోర్ స్ట్రోక్ ఇంజన్. ఒకరి బండి తీసుకుని తోలి చూశాను. చాలా బాగుంది. కానీ చెవి పెట్టి వింటే మామయ్య అందులో లేరు.

అందుకని నా మాట విను. బండి నా దగ్గరికి తోయించుకుంటాను, రెండు వీధులే కదా. ట్యాంకు లోపల తుప్పు కడిగించాలి, టైర్లు, కేబుళ్ళు, సీటు, క్రాంకు ఆయిల్ సీళ్ళు మార్చాలి. బోరు ఎలా ఉందో విప్పితేగాని చెప్పలేను. మొత్తం 40 వేలలోపు అవుతుందని నా అంచనా, అందులో సగం నేను పెట్టుకుంటాను, కాదనకు. రంగు మాత్రం వేయించను. ట్యాంకు మీద మామయ్య మోకాళ్ళు రాసుకుని నల్లరంగు కింద లోహం మెరుస్తోంది, రెండు వైపులా. అది అలాగే ఉండాలి.

కాగితాల సంగతి కూడా చూశాను. ఆర్.సి. మామయ్య పేరు మీదే ఉంది, వారసుడిగా నీ పేరుకి మార్చడానికి ఫారం 31 నింపాలి. మరణ ధ్రువపత్రం నకలు, నీ ఆధార్ నకలు పంపు. ఎప్పుడో గడువు దాటింది కాబట్టి జరిమానా ఉంటుంది, రిజిస్ట్రేషన్ కూడా పొడిగించాలి. ఆర్.టి.ఓ. ఆఫీసుకి నేనే తిరుగుతాను.

పాత ఇనుము వాడు వచ్చే ఆదివారం వస్తాడని అత్తయ్య అన్నారు. నువ్వు ఫోన్ చేసి చెప్పకపోతే ఆవిడ నీ మాటే వింటారు, నా మాట కాదు. ఇంకొకటి. నేను బయల్దేరుతుంటే ఆవిడ గుమ్మం దాకా వచ్చి, "కదిలిందా నాయనా?" అని అడిగారు. కదిలిందన్నాను. లోపలికి వెళ్ళి ట్రంకుపెట్టెలోంచి తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టారు. చిన్న గుడ్డలో చుట్టి దాచారు బావా, ఇన్నేళ్ళూ. అది ఇప్పుడు నా బల్ల మీద ఉంది.

ఈ ఉత్తరం అందగానే ఫోన్ చెయ్యి. నాకు కాదు, ముందు అత్తయ్యకి.

నీ
బావ