థైరాయిడ్ పరీక్ష ఫారంలో గాలికి ఒక గడి కావాలి: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను రక్తపరీక్షల ల్యాబ్‌లో పని చేస్తాను. డాక్టర్ని కాను, శాస్త్రవేత్తను అంతకన్నా కాను. టీఎస్‌హెచ్ ఎంత ఉంది, టీ4 ఎంత ఉంది అని చూసి రిపోర్టు తీసి ఇవ్వడం నా పని. టీ4 అంటే థైరాయిడ్ తయారు చేసే హార్మోను, టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్‌ను పని చేయమని మెదడు కింది గ్రంథి పంపే హార్మోను. థైరాయిడ్ మందగిస్తే మామూలుగా టీఎస్‌హెచ్ పెరుగుతుంది. ఆ అంకెలు మా లాంటి ల్యాబుల్లో కుప్పలుగా పడి ఉన్నాయి. గాలిలో సన్నధూళి ఎంత, నైట్రోజన్ డయాక్సైడ్ ఎంత అనే అంకెలు పర్యావరణ శాఖ దగ్గర అంతకంటే పెద్ద కుప్పలుగా ఉన్నాయి. ఈ రెండు కుప్పలూ ఒకచోటికి రావు. వాటిని ఒకచోటికి తెమ్మని అడగడానికే ఈ ఉత్తరం. పర్యావరణ శాఖ మంత్రి గారికి కూడా ఇదే ప్రతి పంపుతున్నాను.

గాలి పాడైతే ఊపిరితిత్తులు, గుండె దెబ్బతింటాయని అందరికీ తెలుసు. థైరాయిడ్ మాట వచ్చేసరికి అయోడిన్, వంశం, టెన్షన్ దగ్గర ఆగిపోతాం. ఆ గ్రంథి గొంతు ముందు భాగంలో, సుమారు 20 గ్రాముల బరువుతో ఉంటుంది. పీల్చిన గాలి నేరుగా దాన్ని తాకదు. కానీ గాలిలో ఉన్నది రక్తంలోకి దిగాక, ఆ రక్తం వెళ్లని అవయవం ఉండదు కదా. థైరాయిడ్‌కైతే తన సైజుతో పోలిస్తే రక్తప్రసారం చాలా ఎక్కువ.

గాలి ప్రభావం థైరాయిడ్‌ను చేరగల మొదటి దారి అయోడిన్‌ది. హార్మోను తయారవ్వాలంటే ముందు అయోడిన్ కావాలి. రక్తంలోంచి అయోడైడ్‌ను లోపలికి లాక్కోవడానికి థైరాయిడ్ కణాల మీద ఒక ప్రోటీన్ ఉంటుంది. పెర్‌క్లోరేట్, థయోసయనేట్, నైట్రేట్ అనే మూడు పదార్థాలు కూడా ఆ ప్రోటీన్ దగ్గరే చేరి, బస్సు ఎక్కేచోట జనం తోసుకున్నట్టు అయోడైడ్‌కు అడ్డం పడతాయి. మూడింట్లో పెర్‌క్లోరేట్ బలం ఎక్కువ, నైట్రేట్ బలం బాగా తక్కువ. పొగాకు పొగలో ఉండే సైనైడ్‌ను శరీరం విరిచేటప్పుడు పుట్టేదే థయోసయనేట్. ఇక్కడ తొందరపడి ఒక మాట అనకూడదు. మన ఒంట్లో చేరే నైట్రేట్‌లో ఎక్కువ భాగం ఆహారం, నీళ్ల నుంచే వస్తుంది, గాలి నుంచి కాదు. అందుకని ట్రాఫిక్ పొగ వల్ల అయోడిన్ ఆగిపోయిందని నేరుగా తేల్చేయలేం. అయోడిన్ సరిపడా అందని మనిషిలో మాత్రం చిన్న అడ్డంకి కూడా లెక్కలోకి వస్తుంది.

రెండో దారి నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది. 2.5 మైక్రాన్ల కంటే సన్నని ధూళి ఊపిరితిత్తుల్లో చివరి గాలిగదుల దాకా వెళ్తుంది. అక్కడ వాపు మొదలవుతుంది, దాని ప్రభావం రక్తం ద్వారా ఒళ్లంతా పాకుతుంది, ఆక్సీకరణ ఒత్తిడి, అంటే కణాలను దెబ్బతీసే రసాయనాల భారం, పెరుగుతుంది. థైరాయిడ్ అసలే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను తనే తయారు చేసుకుని, దాని సాయంతో హార్మోను కట్టే గ్రంథి. ఆ పెరాక్సైడ్ తననే కాల్చకుండా సెలీనియం అనే ఖనిజం ఉన్న ఎంజైముల్ని కాపలా పెట్టుకుంటుంది. టీ4ను ఇంకా చురుకైన టీ3 హార్మోనుగా మార్చే ఎంజైములకూ సెలీనియమే ఆధారం. అలాంటిచోట బయటి నుంచి ఇంకో భారం వచ్చి పడితే ఏమవుతుందన్నది శాస్త్రవేత్తలు తేల్చాల్సిన ప్రశ్న. చెత్త కాల్చినప్పుడు పుట్టే డయాక్సిన్లు అనే విష పదార్థాల దారి వేరు. అవి కాలేయంలో కొన్ని ఎంజైముల్ని రెచ్చగొట్టి టీ4ను త్వరగా బయటికి పంపించేస్తాయని జంతువులపై ప్రయోగాల్లో బాగానే తెలిసింది.

మనుషుల్లో చేసిన అధ్యయనాలూ ఉన్నాయి. 2019లో అమెరికా, యూరప్‌లకు చెందిన దాదాపు 10 వేల మంది గర్భిణుల సమాచారం కలిపి చూశారు. గర్భం తొలి నెలల్లో సన్నధూళి ఎక్కువగా పీల్చిన వాళ్లలో, టీఎస్‌హెచ్ మామూలుగా ఉండి టీ4 తగ్గిన పరిస్థితి ఎక్కువగా కనిపించింది. అదే అధ్యయనంలో నైట్రోజన్ డయాక్సైడ్‌తో అలాంటి సంబంధం కనపడలేదు. 2020లో కొరియాలో పెద్దవాళ్ల మీద వచ్చిన అధ్యయనంలో నైట్రోజన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా ఉన్నప్పుడు టీఎస్‌హెచ్ కాస్త పెరగడం, టీ4 కాస్త తగ్గడం చూశారు. రెండు అధ్యయనాలూ ఒకే కాలుష్య పదార్థాన్ని పట్టించలేదని గమనించండి. సంబంధం కనపడినంత మాత్రాన కారణం దొరికినట్టు కాదు. తేడాలు కూడా చిన్నవే.

చిన్నవైతే ఎందుకు ఈ గొడవ అంటారేమో. ఒక మనిషికి చిన్న తేడా వస్తే డాక్టరు పట్టించుకోకపోవచ్చు. అదే తేడా కొన్ని కోట్ల మందిలో వస్తే, అంచు మీద ఉన్నవాళ్లలో కొంతమంది అటువైపు జారతారు. ఆ కొంతమంది జీవితాంతం రోజూ మాత్ర వేసుకోవాలి, ఏటా పరీక్షకు రక్తం ఇవ్వాలి. గర్భిణుల సంగతి మరీ సున్నితం, ఎందుకంటే తొలి మూడు నెలలు కడుపులో బిడ్డకు తల్లి హార్మోనే దిక్కు.

ఇంకో చిక్కు ఉంది, ఇది ల్యాబు వాళ్లకు బాగా తెలుసు. టీఎస్‌హెచ్ చలికాలంలో దానంతటదే కొంచెం పెరుగుతుంది. చాలాచోట్ల గాలి ఎక్కువగా పాడయ్యేదీ చలికాలంలోనే. రెండూ కలిసి పెరిగితే నేరం చలిదా, ధూళిదా? దానికితోడు టీఎస్‌హెచ్ రాత్రి, తెల్లవారుజామున ఎక్కువగా, మధ్యాహ్నం తక్కువగా ఉంటుంది. జుట్టు కోసమని బయోటిన్ అనే విటమిన్ మాత్రలు మింగుతూ వచ్చేవాళ్ల శాంపిల్‌లో, కొన్ని మెషిన్లలో అంకె ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. పొగతాగేవాళ్ల కథ మరీ తిరకాసు. వాళ్లకు థైరాయిడ్ అతిగా పని చేసే గ్రేవ్స్ జబ్బు ముప్పు దాదాపు రెట్టింపు, ఆ జబ్బుతో కళ్లు దెబ్బతినే ప్రమాదం ఇంకా ఎక్కువ. కానీ సగటున వాళ్ల టీఎస్‌హెచ్ మిగతావాళ్ల కంటే కాస్త తక్కువే ఉంటుంది. పొగ అనగానే థైరాయిడ్ మందగిస్తుందని ఒకే గాటన కట్టేయడానికి లేదు.

ఈ చిక్కులన్నీ విడదీయాలంటే ప్రతి శాంపిల్‌తో పాటు నాలుగు ముక్కలు రాసుకోవాలి. ఇప్పుడు మా ఫారంలో పేరు, వయసు, ఆడా మగా, ఏ డాక్టరు పంపారు అనేవి ఉంటాయి. మనిషి ఏ ప్రాంతంలో ఉంటున్నారు, రోడ్డు మీద పని చేస్తారా, పొగతాగుతారా, ఇంట్లో వంట దేనిమీద, థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నారా అని అడిగే గడులు లేవు. రక్తం తీసిన సమయం రాసేవాళ్లు రాస్తారు, లేనివాళ్లు లేదు. అందుకే మంత్రి గారూ, ప్రభుత్వ ల్యాబుల ఫారంలో ఆ గడులు పెట్టించండి. పేర్లు తీసేసి, ప్రాంతం పేరు మాత్రం ఉంచి, ఆ తేదీకి ముందు ఏడాది అక్కడి గాలి కొలతలతో కలిపి చూసే బాధ్యత ఒక పరిశోధన సంస్థకు అప్పగించండి. టీ4 రక్తంలో సగానికి తగ్గడానికే వారం పడుతుంది. నిన్నటి గాలి కొలతను ఇవాళ్టి రిపోర్టు పక్కన పెట్టి చూస్తే ఏమీ తేలదు.

ఊరూరా థైరాయిడ్ క్యాంపులు పెట్టించండి అని మాత్రం అడగడం లేదు. దయచేసి పెట్టొద్దు కూడా. దక్షిణ కొరియాలో అల్ట్రాసౌండ్‌తో అందరి గొంతులూ వెతకడం మొదలుపెట్టాక, 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 1993తో పోలిస్తే 15 రెట్లు అయ్యాయి. ఆ జబ్బుతో చనిపోయేవాళ్ల సంఖ్య మాత్రం మారలేదు. ఎప్పటికీ ఇబ్బంది పెట్టని చిన్న గడ్డల కోసం ఎంతోమంది గ్రంథినే తీయించుకున్నారు. వెతికితే దొరికే జబ్బు ఇది. సన్నధూళికీ థైరాయిడ్ క్యాన్సర్‌కూ సంబంధం ఉందని చెప్పే అధ్యయనాలు చదివినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. గాలి పాడైన పెద్ద నగరాల్లోనే స్కానింగ్ సెంటర్లూ ఎక్కువ కదా.

థైరాయిడ్‌కు మంచిదంటూ ఎయిర్ ప్యూరిఫయర్లు అమ్మే ప్రకటనలు కూడా మీ శాఖ ఒక కంట కనిపెట్టాలి. అవి చూసి ఎవరైనా మాత్ర మానేస్తే నష్టం ఎవరిది?

గాలిని బాగుచేసే పనికి మాత్రం ఈ లెక్కలు తేలేదాకా ఆగక్కర్లేదు. బయటి గాలి కాలుష్యం క్యాన్సర్ కారకమని 2013లోనే ప్రకటించారు. సన్నధూళి ఏడాది సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. అంతకుముందు 10 అనేవాళ్లు, ఆధారాలు పెరిగేకొద్దీ సగానికి దించారు. ప్రపంచ జనాభాలో 99 శాతం ఆ పరిమితి దాటిన గాలే పీలుస్తున్నారు. గుండె, ఊపిరితిత్తుల కోసం ఎలాగూ చేయాల్సిన పని అది. దానివల్ల థైరాయిడ్‌కు మేలు జరిగిందో లేదో తర్వాత చెప్పాలంటే, శుభ్రం చేయకముందు అంకెలు ఎలా ఉన్నాయో మన దగ్గర ఉండాలి. గాలి మారిపోయాక పాత అంకెలు ఎక్కడి నుంచి తెస్తాం?

మొదటి విడతలో రెండు గుంపులు చాలు. రోజంతా రోడ్డు మీద ఉండే కార్మికులు, ట్రాఫిక్ పోలీసులు ఒక గుంపు. తొలి నెలల్లో ఎలాగూ రక్తపరీక్షకు వచ్చే గర్భిణులు రెండో గుంపు. గర్భిణులకు రోజుకు 250 మైక్రోగ్రాముల అయోడిన్ అందాలి, మిగతా పెద్దవాళ్లకు 150 చాలు. ఆ 250 అందుతోందో లేదో కూడా అదే విడతలో మూత్రపరీక్షతో చూడొచ్చు. అయోడిన్ సంగతి తెలియకుండా గాలి సంగతి తేల్చలేం.

కొత్త గడులతో ఫారం నమూనా ఒకటి రాసి ఈ లేఖకు జత చేశాను. ఒక పేజీ దాటలేదు. మార్పులు ఉంటే చెప్పించండి, వచ్చే ముద్రణకు ముందే సరిచేసి పంపుతాను.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్