సైనికుల పేర్లతో వచ్చిన ఎం1 హెల్మెట్లు వెనక్కి తీసుకుంటున్నాం

రెండో ప్రపంచ యుద్ధంలో దెబ్బతిన్నవంటూ ఈ మధ్య మన అబిడ్స్ దుకాణంలో అమ్మిన అమెరికన్ ఎం1 హెల్మెట్లు కొన్నవాళ్ళందరికీ ఈ సంగతి. అవన్నీ యూరప్‌లోని ఒకే సప్లయర్ పంపినవి. ఒక్కోదానితో ఒక సైనికుడి పేరు, 1944 జూన్‌లో ఫ్రాన్స్‌లోని నార్మండీలో అతనికి తూటా తగిలిందన్న కథ రాసిన కాగితం వచ్చింది. ఆ కథ అబద్ధం. హెల్మెట్, కాగితం రెండూ తెచ్చివ్వండి, కొరియర్ ఖర్చుతో సహా మొత్తం డబ్బు ఇచ్చేస్తాం.

ఎలా తేలిందో చెప్పాలి, ఎందుకంటే ఇది మీరూ ఇంట్లో చూసుకోవచ్చు. ఎం1 అంచు చుట్టూ సన్నటి లోహపు పట్టీ ఉంటుంది. దాని రెండు కొసలు కలిసే అతుకు మొదట్లో నుదుటి వైపు ఉండేది, వెనక్కి మారింది 1944 చివర్లో. ఈ హెల్మెట్లకు అతుకు వెనకే ఉంది. జూన్‌లో నార్మండీ తీరంలో దిగినవాడి తల మీద అది ఉండే వీలే లేదు.

ఇక చిల్లు సంగతి. తూటా దూరినచోట రేకు సాగి, అంచులు లోపలికి మడుచుకుంటాయి, చుట్టూ రంగు పెచ్చులుగా లేచిపోతుంది. వీటిలో చిరిగిన అంచు మీద కూడా రంగు నున్నగా పరుచుకుని ఉంది. అంటే చిల్లు పడ్డాకే రంగు వేశారు. తుప్పు అంతటా ఒకే నారింజ రంగులో ఉంది, వేలితో రాస్తే పొడిలా అంటుకుంటోంది. ఏళ్ళ తరబడి పట్టిన తుప్పు ముదురు గోధుమ రంగులో, రంగు పొర కింద నుంచి ఉబ్బుతూ వస్తుంది. ఉక్కు డొప్ప లోపల పెట్టుకునే విడి టోపీకి, అంటే లైనర్‌కు, చిల్లు లేకపోవడాన్ని మాత్రం మేం లెక్కలోకి తీసుకోలేదు. సైన్యంలోనే లైనర్లు మారుతుండేవి. అయస్కాంతం పరీక్షలో ఇవి నెగ్గాయి కూడా: అసలు ఎం1 డొప్ప మాంగనీస్ ఉక్కుది, దానికి అయస్కాంతం గట్టిగా పట్టదు, వీటికీ పట్టలేదు. నిజమైన హెల్మెట్‌కే దొంగ గాయం చేశారన్నమాట.

సప్లయర్‌కు ఫొటోలతో సహా రాశాం. "దెబ్బ ఎక్కడ తగిలిందో ఎవరు చెప్పగలరు" అని జవాబు వచ్చింది. మేం చెప్పగలం, పైన చెప్పాం. డబ్బు వెనక్కి ఇవ్వనన్నాడు. అతనితో ఇక లావాదేవీ లేదు. ఆ నష్టం దుకాణానిదే, మీ మీద పడదు.

ఇంతకంటే ఎక్కువ నలిగింది పేర్ల విషయంలో. అమెరికన్ సైనికులు తమ సామాన్ల మీద ఇంటిపేరు మొదటి అక్షరం, సర్వీసు నంబరులో చివరి నాలుగు అంకెలు వేసుకునేవారు. లైనర్‌లో కనిపించే గుర్తు చాలామటుకు అదే. అదే గుర్తు ఎంతోమందికి ఉండొచ్చు కాబట్టి దాన్నిబట్టి మనిషిని ఖాయం చేయలేం, ఆ దళం జాబితా కూడా కావాలి. పైగా 1973లో అమెరికాలోని సెయింట్ లూయిస్ సైనిక రికార్డుల కేంద్రంలో జరిగిన అగ్నిప్రమాదంలో 1912-1960 మధ్య సైన్యం నుంచి బయటికొచ్చినవాళ్ళ ఫైళ్ళు దాదాపు 80 శాతం కాలిపోయాయి. ఫైలు లేనివాడి పేరు మీద ఎంత కథైనా అల్లొచ్చు.

ఆధారం సగమే దొరికిన మా పాత హెల్మెట్ల మీద 'బహుశా ఫలానావారిది' అని రాసి పేరు ఉంచుదామా అని చాలా తర్జనభర్జన పడ్డాం. పేరుంటే ధర పలుకుతుంది, మీలో చాలామంది కొనేదీ ఆ పేరు కోసమే. కానీ చేతులు మారేసరికి 'బహుశా' రాలిపోతుంది, పేరు మిగులుతుంది. రేపు అతని మనవరాలు ఆ పేరు వెతుక్కుంటూ వచ్చి, ఇది మా తాతయ్యదని గుండెకు హత్తుకుంటే? అందుకే దళం జాబితాలోనో, కుటుంబం రాసిచ్చిన కాగితంలోనో రుజువు లేని ప్రతి పేరూ తీసేశాం. ధరలూ తగ్గించాం. పేరు లేకపోతే కొనం అని కొందరు ముఖం మీదే చెప్పారు. వాళ్ళు మాకు కావలసినవాళ్ళే, అయినా ఈ మాట మారదు.

ఇకపై చీటీ మీద డొప్ప లోపలి అచ్చు నంబరు, అతుకు ఎటువైపు, గడ్డం పట్టీ కొక్కేలు కదిలేవా కదలనివా, తర్వాత ఏ భాగం మార్చారో, అంతే ఉంటుంది. దెబ్బతిన్న హెల్మెట్ల అమ్మకం ఇప్పటికి ఆపాం. బ్రిటిష్ మార్క్ 2 హెల్మెట్లు, దెబ్బలు లేని ఎం1లు ఎప్పటిలాగే దొరుకుతాయి.

తెచ్చేముందు దయచేసి శుభ్రం చేయకండి. వైర్ బ్రష్ వద్దు, కొబ్బరినూనె అసలే వద్దు. మీ దగ్గరున్నది ఈ సరుకులోదో కాదో తేల్చేది ఆ తుప్పు, ఆ రంగే. వానాకాలం కదా, ప్లాస్టిక్ కవర్లో బిగించకుండా నూలుగుడ్డలో చుట్టి తీసుకురండి. వెనక్కి వచ్చిన ప్రతిదాని లోపలా 'చిల్లు కొత్తది' అని చెక్కించి మా దగ్గరే ఉంచుతాం. మళ్ళీ బజారుకు పోనివ్వం.