కడుపునొప్పే కదా అనుకోకండి, కట్లపాము కావచ్చు

సంపాదకులకు నమస్కారం.

వానలు పడ్డాయి, మా దివిసీమలో నాట్లు మొదలయ్యాయి, వాటితో పాటే మీ జిల్లా పేజీలో పాముకాటు వార్తలూ మొదలయ్యాయి. దాదాపు అన్నింట్లోనూ పొలంలో రక్తపింజరి కాటేసిందనే ఉంటోంది. నిజమే, మా వైపు పింజరి ఎక్కువే, కోతలప్పుడు మరీను. కానీ ఇంట్లో నిద్రలో ఉన్నవాళ్లను కాటేసే కట్లపాము గురించి ఎవరూ గట్టిగా చెప్పడం లేదు, అందుకే ఈ ఉత్తరం.

కట్లపాము పగలంతా ఇటుకల సందులోనో కట్టెల కిందో పడుంటుంది. రాత్రి ఎలుకల కోసం, చిన్న పాముల కోసం తిరుగుతూ ఇళ్లలోకీ వస్తుంది, కింద చాప మీద పడుకున్న మనిషి నిద్రలో కదిలి దాని మీద చెయ్యి పడితే కాటేస్తుంది. కోరలు చాలా చిన్నవి. నొప్పి పెద్దగా ఉండదు, వాపు రాదు, చాలాసార్లు గాటు కూడా కనబడదు, చీమ కుట్టిందనుకుని అటు తిరిగి పడుకుంటారు. మా వీధిలో ఒకావిడ తెల్లవారుజామున కడుపునొప్పంటూ లేస్తే గ్యాస్ అనుకుని మాత్ర వేసి సోడా తాగించారు. ఆ సోడా మింగుడు పడక పెదవుల పక్కనుంచి కారిపోతోంది, రెప్పలు సగం వాలిపోయి ఎంత పిలిచినా పైకి లేవడం లేదు, ఇంట్లోవాళ్లు ఇంకా నిద్రమత్తే అనుకుంటున్నారు. పక్కింటి ఆశా కార్యకర్త చూసి, ఇది పాముకాటేనని పట్టుబట్టి ఆస్పత్రికి తీసుకెళ్లింది. వెంటిలేటర్ మీద ఉండి బతికి వచ్చింది ఆవిడ.

కాబట్టి రాత్రి బాగానే పడుకున్న మనిషికి, ముఖ్యంగా పిల్లలకి, తెల్లారేసరికి కడుపునొప్పి, వాంతులు వచ్చి రెప్పలు వాలుతున్నా, మాట ముద్దగా వస్తున్నా గాటు కోసం వెతుకుతూ కూర్చోకండి, 108కి ఫోన్ చేయండి.

మంచం మీద పడుకుని దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకుంటే ఈ ప్రమాదం చాలావరకు తప్పుతుంది. మంచం లేకపోతే చాప కిందికైనా దోపండి. రాత్రి దొడ్లోకి వెళ్లాలంటే టార్చి, చెప్పులు ఉండాల్సిందే. గడ్డిమోపు ఎత్తే ముందు కర్రతో ఒకసారి కదపండి.

మంత్రం వేయిస్తే తగ్గిందని చెప్పేవాళ్లు మా ఊళ్లో ఇప్పటికీ ఉన్నారు. నీరుకట్టెకి, జెర్రిపోతుకి మనిషిని చంపే విషమే లేదు, విషసర్పం కూడా ఒక్కోసారి విషం ఎక్కించకుండానే కాటేస్తుంది, ఆ మనుషులు మంత్రం లేకపోయినా బతికేవాళ్లే. నిజంగా విషం ఎక్కినవాడికి మాత్రం మంత్రం దగ్గర గడిచిన ప్రతి నిమిషమూ నష్టమే. తాడు బిగించి కట్టొద్దు, పింజరి కాటైతే కండ చచ్చి కాలే పోవచ్చు. కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయడం ఏదీ వద్దు. పట్టీలు, మెట్టెలు, ఉంగరాలు తీసేసి, ఎముక విరిగినప్పుడు కట్టినట్టు కర్ర ఆనించి కదలకుండా పడుకోబెట్టి తీసుకెళ్లండి. పామును చంపి తీసుకురావాల్సిన పనీ లేదు, తాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, ఈ నాలుగింటి విషానికీ ఇచ్చే విరుగుడు ఒకటే.

2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకుల అంచనా, సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబర్ లోపే. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గిస్తామని కేంద్రం 2024లో ప్రణాళిక ప్రకటించింది. మాకు కావాల్సింది పెద్దదేం కాదు. ప్రతి పీహెచ్‌సీ గోడ మీద ఇవాళ విరుగుడు వయల్స్ ఎన్ని ఉన్నాయో రాయాలి. రాత్రిపూట కూడా ఇంజెక్షన్ ఇచ్చే మనిషి ఉండాలి. విషం ఎక్కిన లక్షణాలు కనబడితే మొదటి డోసు అక్కడే ఎక్కించి ఆ తర్వాత పెద్దాస్పత్రికి పంపాలి, అంతేగానీ చీటీ రాసి చేతిలో పెట్టి పంపేయకూడదు. మందు పడక రియాక్షన్ వస్తుందని కొందరు డాక్టర్లు భయపడతారు, ఆ భయం అర్థం చేసుకోదగ్గదే, అయితే రియాక్షన్‌కి అడ్రినలిన్ ఇంజెక్షన్ ఉంది, దారిలో ఊపిరి ఆగిపోతే మాత్రం బతికించడం చాలా కష్టం.

మీకూ ఒక విన్నపం. పాముకాటు వార్త వేసినప్పుడల్లా దాని కిందే కట్లపాము కాటు లక్షణాలు, 108 నంబరు రెండు లైన్లలో వేయండి, ఈ వానాకాలం అయ్యేదాకానైనా.

ఇట్లు,
ఒక రైతు, దివిసీమ, కృష్ణా జిల్లా