రెసిడెన్సీ గోడలకు సిమెంటు తగలనివ్వొద్దు

సంపాదకులకు,

నిజాం దగ్గర ఉండే ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి, అంటే రెసిడెంటు కోసం హైదరాబాదులో కట్టిన భవనం కోఠీ రెసిడెన్సీ. దాని పునరుద్ధరణ మీద పత్రికల్లో చాలానే వచ్చింది. అప్పటి రెసిడెంటు కిర్క్‌పాట్రిక్, హైదరాబాదీ వనిత ఖైరున్నీసాల ప్రేమకథ ఊరందరికీ కంఠతా వచ్చు. బాగుచేసిన భవనాన్ని ఇకపై ఏటేటా ఎవరు, ఏ సామానుతో చూసుకోవాలన్న చర్చే కనబడదు.

మూడో జార్జి కాలంలో ఇంగ్లండులో దొరలు కట్టుకున్న ఇళ్ల తీరే దీనిదీ. ఎదుట కొరింథియన్ స్తంభాల ముఖమండపం, దానిపై త్రికోణంలో ఈస్టిండియా కంపెనీ చిహ్నం, మెట్లకు అటూ ఇటూ సింహాలు. నమూనా రాసింది మద్రాసు ఇంజినీర్ల దళానికి చెందిన శామ్యూల్ రసెల్. ఖర్చు భరించింది నిజాం. 1803 ప్రాంతంలో పని మొదలైంది. పూర్తయిన ఇల్లు చూడకుండానే 1805లో కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ దాడి చేసింది ఈ రెసిడెన్సీ మీదే. తర్వాత మహిళా కళాశాల అయింది.

రూపం విలాయతీదైనా గోడల్లో ఉన్నది మన డంగు సున్నమే. సున్నపు గోడ చెమ్మ పీల్చుకుంటుంది, మళ్లీ బయటికి వదిలేస్తుంది. దానిపై సిమెంటు పూస్తే చెమ్మకు దారి మూసుకుపోతుంది. లోపలి ఉప్పు ఇటుకలోనే గడ్డకట్టి ఇటుకను పొడి చేస్తుంది. పైకి గట్టిగా కనిపించే పూత రెండు మూడు వానాకాలాలకు వెనకున్న ఇటుకతో సహా పెచ్చులుగా ఊడుతుంది. ప్లాస్టిక్ రంగులూ చేసేది అదే. ఈ గోడలకు సున్నం వెల్లే సరి.

సున్నంతో చిక్కంతా ఓపికది. కాల్చిన సున్నపు రాయిని తొట్టి నీళ్లలో వేసి ఉడుకు తగ్గాక జల్లెడ పట్టి, కనీసం నెల రోజులు నీటి కిందే ఉంచాలి. తొందరపడితే నానని రవ్వలు గోడకెక్కాక చెమ్మ తగిలి ఉబ్బుతాయి. నున్నటి గచ్చు మీద శనగగింజంత గుంటలు పడేది అందుకే. ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు ఇసుక. నీరు తగిలే చోట ఇసుకలో కొంత తగ్గించి సుర్కీ (ఇటుక పొడి) కలపాలి. ఒక్కో పూత 12 మిల్లీమీటర్లు దాటకూడదు. వారం పది రోజులు తడి గోనెలు కప్పాలి. కరక్కాయ, బెల్లం నీళ్లు పాత మేస్త్రీలు ఊరికే కలపలేదు.

ఇప్పుడు మన టెండర్ల సంగతి చూడండి. రేట్లు చదరపు మీటరు లెక్కన. సున్నాన్ని నెలరోజులు నానబెట్టడానికి అందులో పైసా లేదు. తక్కువకు పాడుకున్న కాంట్రాక్టరు సున్నంలో గుట్టుగా సిమెంటు కలపక ఏం చేస్తాడు? పైగా నిధులు మార్చిలోపు ఖర్చు పెట్టాలన్న హడావుడి. మండుటెండలో వేసిన సున్నం గట్టిపడక ముందే ఎండి పొడిపొడిగా రాలుతుంది. వానలు వెనకబట్టాక, అక్టోబరు నుంచి జనవరి దాకానే ఈ పనికి అదను.

కాబట్టి సంబంధిత అధికారులకు నా విన్నపం: వార్షిక మరమ్మతులకు వేరే రేట్ల పట్టిక పెట్టండి. సున్నం తొట్టిలో వేసిన తేదీ మెజర్‌మెంట్ బుక్కులో (చేసిన పని కొలతలు రాసే పుస్తకంలో) ఎక్కితేనే బిల్లు చెల్లించండి. వానాకాలానికి ముందు మేడ మీది తూములు శుభ్రం చేయించండి. ఆకులు అడ్డుపడి నీళ్లు నిలిస్తే ముందు కుళ్లేవి గోడలోకి దిగిన దూలాల కొసలే. బయటికి కనబడవు, సన్నటి బరమాతో పొడిచి చూస్తేనే తెలుస్తుంది. గోడ పగుళ్లలో మొలిచిన రావి మొక్కను పైపైన పీకితే వేరు లోపలే ఉండి మరింత బలుస్తుంది. మొదలు కోసి, వేరు చచ్చే మందు పెట్టి, ఎండాక ఆ సందును పలుచటి సున్నంతో నింపాలి.

అక్టోబరులో మేస్త్రీలు పని పట్టాలంటే ఆగస్టు చివరికల్లా సున్నం తొట్టిలో పడాలి. అంటే వర్క్ ఆర్డరు జులైలోనే రావాలి.

– ఒక పాఠకుడు, హైదరాబాద్