మంచి అంటే ఏమిటని పిల్లలు అడిగితే

తల్లిదండ్రులకు, పిల్లలను చూసుకుంటున్న తాతలకు, అవ్వలకు నమస్కారం.

ప్రోగ్రెస్ కార్డులో విలువల విద్య గ్రేడు చూసి కొందరు అడిగారు, "మావాడు అబద్ధమాడడు, పెద్దలకు ఎదురు చెప్పడు, మరి బి ఎందుకొచ్చింది సార్?" అని. పిల్లవాడు ఎంత మంచివాడన్నది మేం కొలవడం లేదు. ఒక పని మంచిదని ఎందుకనుకుంటున్నాడో చెప్పగలుగుతున్నాడా, పక్కవాడి కారణం వింటున్నాడా అన్నదే చూస్తున్నాం.

మంచిని నిర్వచించడం తత్వవేత్తలకే కష్టమైంది. 1903లో జి.ఇ. మూర్ అనే ఇంగ్లండు తత్వవేత్త "ప్రిన్సిపియా ఎథికా" పుస్తకంలో ఈ చిక్కునే పట్టుకున్నాడు. మంచి అంటే సుఖాన్నిచ్చేది అన్నామనుకోండి. "సుఖాన్నిచ్చేదంతా మంచిదేనా?" అని వెంటనే అడగొచ్చు. సుఖం తీసేసి ఇంకేం పెట్టినా అదే ప్రశ్న మళ్లీ వస్తుంది. అందుకే మంచిని వేరే మాటల్లోకి విడగొట్టలేమన్నాడు. దీన్ని అందరూ ఒప్పుకోలేదు. నీళ్లంటే హైడ్రోజన్, ఆక్సిజన్ కలయిక అని తెలియని కాలంలో దాని మీదా ఇలాగే ప్రశ్న వేయొచ్చు కదా, ప్రశ్న మిగిలినంత మాత్రాన నీళ్లు వేరు, ఆ కలయిక వేరు అనలేం అని తర్వాతివాళ్లు వాదించారు. ఆ వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

తొమ్మిదో తరగతిలో దీన్ని మన భాషలో అడిగాం. చదువు దేనికి? ఉద్యోగానికి. ఉద్యోగం? జీతానికి. జీతం? ఒక అమ్మాయి లేచి, "అమ్మా నాయినా ముంబై పని మానేసి ఇంటికాడ ఉండేటందుకు" అంది. అది దేనికమ్మా అంటే, "దేనికీ కాదు సార్, ఉంటే చాలు" అంది. ప్రతి పనినీ ఇంకొకదాని కోసమే చేస్తూ పోతే కోరికకు అంతే ఉండదని, దానికోసమే కోరుకునేది ఏదో ఒకటి ఉండాలని అరిస్టాటిల్ చెప్పింది ఇదే. పాలమూరులో ఎన్ని ఇళ్లల్లో ఈ జవాబు ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక మన పాలమూరులోని పాత మర్రిచెట్టు, పిల్లలమర్రి. 2018లో ఆ చెట్టుకు చెదలు పడితే సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించారు. నీడ కోసమా, చూడటానికి వచ్చేవాళ్ల కోసమా, చెట్టు కోసమేనా? 1973లో రిచర్డ్ రూట్లీ అనే తత్వవేత్త ఇలాంటిదే ఒక ప్రశ్న వేశాడు. లోకంలో ఒక్క మనిషే మిగిలి, చనిపోయేముందు చెట్లన్నీ నరికేస్తే తప్పా? నష్టపోయే మనిషే లేడు కదా. తరగతి రెండుగా చీలింది. నా మటుకు అది తప్పే, కానీ పిల్లలకు చెప్పలేదు. నేను చెబితే ఆలోచించడం మానేసి నోట్సులో రాసుకుంటారు.

నిర్వచనం దొరకలేదని ఎవరికి తోచింది వాళ్లకు మంచి అయిపోదు. తోటి పిల్లను కులం పేరు పెట్టి పిలిస్తే తప్పు. దానికి నిర్వచనం కోసం ఆగం, దాని మీద బడిలో చర్చ కూడా పెట్టం.

మీ బిడ్డ "ఇది ఎందుకు మంచిది?" అని అడిగితే "పెద్దలు చెప్పిన్రు" అని ఆపేయకండి. మీ కారణం చెప్పండి, ఫోన్లో అయినా సరే. వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో చెట్టు ప్రశ్న మిమ్మల్నీ అడుగుతాం. కూలికి పోయేవాళ్లు సాయంత్రం ఆరు దాటాక వచ్చినా పర్లేదు, మేం బడిలోనే ఉంటాం.

మీ
ప్రధానోపాధ్యాయుడు