రెండు వేళ్ల వెడల్పుకు కృతజ్ఞతలు

పోయిన ఆదివారం సైకిల్ మీంచి పడ్డాను. ఎడమ మోచేయి దోక్కుపోయింది, మణికట్టు బెణికింది. తలకేమీ కాలేదు. విషయం తెలిసి ఫోన్ చేసినవాళ్లందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇలా రాస్తున్నాను. అయితే రాయాలనుకున్నది దెబ్బల గురించి కాదు. నేను థాంక్స్ చెప్పాల్సినవాళ్లు ముగ్గురున్నారు. అందులో ఒకాయనకు నాలుగు నెలలుగా బాకీ పడి ఉన్నాను.

ఆయన తన పేరు రాయొద్దన్నారు. మేమంతా మాస్టారనే పిలుస్తాం కాబట్టి ఇక్కడా అలాగే రాస్తాను.

నలభై దాటాక మళ్లీ సైకిల్ ఎక్కినదాన్ని నేను. కొత్త గేర్ల సైకిల్ కొనుక్కుని, ఆదివారాలు కలిసి తొక్కే గుంపులో చేరాను. మొదటి రోజు సైకిల్ కారులో పట్టక ముందు చక్రం ఊడదీసి, అక్కడికి వెళ్లాక నేనే బిగించుకున్నాను. ఎవరి సాయమూ అడగలేదని లోపల కాస్త గర్వం కూడా. ఇక బయల్దేరతాం అనగా మాస్టారు నా సైకిల్ దగ్గర ఆగారు.

"ఈ చక్రం ఎవరు బిగించారమ్మా?"

"నేనేనండీ."

ఆయన మాట్లాడకుండా హ్యాండిల్ పట్టుకుని ముందు చక్రాన్ని నేల మీంచి లేపి, టైరు మీద పిడికిలితో ఒక్క గుద్దు గుద్దారు. చక్రం, దాన్ని రెండు పక్కలా పట్టి ఉంచే ఫోర్కులోంచి సగం కిందికి జారి వేలాడింది. ఫోర్కు చివర్లలో ఉండే చిన్న అంచులకు తట్టుకుని ఆగింది, లేకపోతే పూర్తిగా ఊడి పడేదే. ఆ రోజు మా దారిలో మొదటి రెండు కిలోమీటర్లూ దిగుడే. దాని గురించి ఇప్పటికీ ఎక్కువగా ఆలోచించదలుచుకోలేదు.

నేను చేసిన తప్పు చాలామంది చేసేదేనట. ఇరుసు చివర ఉండే క్విక్ రిలీజ్ లివర్‌ను నట్టు తిప్పినట్టు గుండ్రంగా తిప్పి బిగించాను. చేతికి గట్టిగానే తగిలింది. కానీ ఆ లివర్ పని తిరగడం కాదు, మడత పడడం. దాని మొదట్లో కేంద్రం తప్పిన గుండ్రటి ముక్క ఒకటుంటుంది. లివర్‌ను అవతలికి మడిచినప్పుడు ఆ ముక్క ఇరుసు లోపలి కడ్డీని లాగి ఫోర్కును రెండు వైపుల నుంచీ బిగపడుతుంది. ఎంత బిగువు కావాలో లివర్‌కు ఎదురు పక్కనున్న చిన్న నట్టుతో సరిచూసుకోవాలి. లివర్ చక్రానికి అడ్డంగా, నిటారుగా బయటికి నిలబడిన చోట చేతికి పట్టు తగలడం మొదలవ్వాలి. అక్కణ్ణుంచి అరచేత్తో గట్టిగా నొక్కితేనే మూసుకోవాలి. సులువుగా మూసుకుందంటే వదులుగా ఉన్నట్టే.

ఇదంతా ఆయన రెండు సెకన్లలో చేసి పెట్టేయొచ్చు. చేయలేదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, నాతో చేయించారు. పన్నెండు మంది హెల్మెట్లు పెట్టుకుని మా కోసం ఎదురు చూస్తున్నారు. ఒకసారి వదులైంది, విప్పమన్నారు. రెండోసారి మరీ బిగువై మూతే పడలేదు. నాకు లోపల మండిపోతోంది, ఆయనకేమో ఎక్కడా తొందర లేదు. మూడోసారి మూసి చెయ్యి తీసేసరికి లివర్ గుర్తు అరచేతిలో ఎర్రగా పడింది.

"అచ్చు పడిందా? ఇక పద."

థాంక్స్ కూడా చెప్పలేదు ఆ రోజు. అందరి ముందూ పరువు తీశారని ఇంటికొచ్చి మా అమ్మాయితో చెప్పుకుని ఏడ్చినంత పని చేశాను. బాకీ అన్నది అదే.

తర్వాత ఒక్కో ఆదివారం ఒక్కో పాఠం. ఆయన పాఠమని ఎప్పుడూ అనరు, ఏదో ఒకటి అడుగుతారంతే. "గాలి ఎంతుంది?" అన్నారోసారి. బొటనవేలితో నొక్కి చూసి బాగానే ఉందన్నాను. మీటరున్న పంపు చేతికిచ్చారు. నేను అనుకున్నదాంట్లో సగం కూడా లేదు. పంక్చర్ లేకపోయినా ట్యూబు రబ్బరులోంచి గాలి మెల్లగా పోతూనే ఉంటుందని, సన్నటి టైర్లలో ఇంకా తొందరగా తగ్గిపోతుందని నాకు అంతవరకూ తెలీదు. ఎంత కొట్టాలో టైరు పక్క గోడ మీద అచ్చేసి ఉంటుంది, కానీ చాలా టైర్ల మీద ఉండేది గరిష్ఠం, అంతకు మించకూడదని. అంతా నింపాలని కాదు. మరీ తక్కువైతే రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి, పాము కాటేసినట్టు పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. అలాంటివి నాకు అంతకు ముందు నెలలోనే రెండుసార్లు పడ్డాయి. నేనేమో రోడ్డును తిట్టుకున్నాను!

బ్రేకుల దగ్గర ఎక్కువ సేపు పట్టింది. లివర్ పూర్తిగా నొక్కినా హ్యాండిల్‌కు ఆనకూడదు, మధ్యలో బొటనవేలు పట్టేంత సందు ఉండాలి. ముందు బ్రేకు పట్టి సైకిల్‌ను ముందుకు తోస్తే వెనక చక్రం లేవాలి. వెనక బ్రేకు పట్టి తోస్తే ఆ చక్రం తిరక్కుండా ఈడ్చుకుంటూ రావాలి. బ్రేకు రబ్బర్ల మీద గాళ్లు ఉంటాయి, అవి అరిగి నున్నగా అయిపోతే మార్చేయాలి. నా సైకిల్‌కు ఒకవైపు రబ్బరు రిమ్ము దాటి టైరును ఒరుసుకుంటోంది. అలాగే వదిలేస్తే ఏదో ఒక రోజు టైరు పక్క కోసుకుపోయి ట్యూబు పేలేదే. డిస్కు బ్రేకులున్నవాళ్లకు వేరే లెక్క, ముఖ్యంగా చైన్ ఆయిల్ డిస్కు మీద పడనివ్వకూడదు. మా గుంపులో ఒకాయన చైన్ తుడిచిన గుడ్డతోనే డిస్కు కూడా తుడిచి, బ్రేకులు పట్టక నానా అవస్థ పడ్డారు.

ముందు బ్రేకు పట్టుకుని సైకిల్‌ను ముందుకూ వెనక్కీ ఊపి హ్యాండిల్ మెడ దగ్గర టకటక అంటోందేమో చూడ్డం, చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించి హ్యాండిల్ కదులుతోందేమో చూడ్డం, సీటు గొట్టం మీద ఇంతకు మించి పైకి లేపకూడదని ఉండే గీత బయటికి రాకుండా చూసుకోవడం, ఇవన్నీ కలిపి ఒక నిమిషం పని. నాకు బాగా నచ్చింది చివరిది. సైకిల్‌ను జానెడు ఎత్తి కింద వదిలేయడం. అన్నీ బిగువుగా ఉంటే టైర్ల చప్పుడే వినిపిస్తుంది. ఏదైనా గలగలమంటే అదేమిటో వెతకాలి. సీసా స్టాండు స్క్రూ ఊడిపోయేలా ఉందని నాకు అలాగే తెలిసింది. ఎడమ పెడల్ మర ఎదురు తిరుగుతుందని మాత్రం తంటాలు పడ్డాకే తెలిసింది. అరగంట సేపు విప్పుతున్నాననుకుని బిగిస్తూ కూర్చున్నాను. మాస్టారు నవ్వడం ఆ ఒక్కసారే చూశాను.

ఒక విషయంలో ఆయనతో వాదించాను కూడా. నా దగ్గర కళ్లు చెదిరే పచ్చరంగు జాకెట్టుంది, చీకట్లో అది చాలన్నాను. ఆయన టార్చి తెచ్చి, నా జాకెట్టు మీదా తన చీలమండకు చుట్టుకున్న వెండిరంగు పట్టీ మీదా వేసి చూపించారు. పగటి వెలుగులో మెరిసే నా జాకెట్టు టార్చి వెలుగులో మామూలు గుడ్డ. పట్టీ మాత్రం దీపంలా వెలిగింది. వచ్చిన వెలుగును వచ్చిన వైపే తిప్పి పంపుతుంది కాబట్టి బండి నడిపేవాళ్లకు కనిపిస్తుంది. పైగా కాళ్లు పైకీ కిందికీ ఆడుతుంటాయి, ఎదర ఉన్నది సైకిలని దూరం నుంచే అర్థమవుతుంది. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు ఎలాగూ ఉండాల్సిందే. నేను ఓడిపోయాను, పట్టీలు కొన్నాను.

ఇక హెల్మెట్. నేను దాన్ని టోపీలా వెనక్కి వాల్చి పెట్టుకునేదాన్ని. నుదురు చెమట పట్టకుండా ఉంటుందని, ఫోటోల్లో ముఖం కనిపిస్తుందని. మాస్టారు నన్ను ఆపి, "కనుబొమ్మల మీద రెండు వేళ్లు పెట్టుకోమ్మా, హెల్మెట్ అంచు అక్కడికి రావాలి" అన్నారు. పట్టీలు చెవుల కింద కలవాలి, గడ్డం కింద ఒకటి రెండు వేళ్లకు మించి సందు ఉండకూడదు. అప్పట్నుంచీ అలాగే పెట్టుకుంటున్నాను, గొణుక్కుంటూనే.

పోయిన ఆదివారం మలుపులో రోడ్డు మీద ఇసుక. వేగం పెద్దగా లేదు. ముందు చక్రం జారింది, ఎడమవైపు పడ్డాను, తల నేలకు తగిలింది. తగిలిన చోటు కచ్చితంగా ఎడమ కనుబొమ్మకు రెండు వేళ్ల పైన. మునుపటిలా పెట్టుకుని ఉంటే అక్కడ ఉండేది నా నుదురే.

అప్పుడు వచ్చారు మిగతా ఇద్దరూ. నడకకు వచ్చిన భార్యాభర్తలు. నేను సిగ్గుతో గబగబా లేవబోతుంటే ఆవిడ భుజం పట్టి ఆపి, "కాసేపు కదలకు తల్లీ" అంటూ పక్కనే కూర్చుంది. ఆయన సైకిల్ పక్కకు లాగి, మలుపుకు కాస్త ముందు నిలబడి వచ్చే బండ్లకు చెయ్యి ఊపుతూ ఉన్నారు. ఆవిడ నా పేరు, ఈ రోజేమిటి, ఎక్కడికి వెళ్తున్నాను అని అడిగి, పది నిమిషాలయ్యాక మళ్లీ అవే అడిగింది. తొక్కుకుంటూ ఇంటికెళ్లిపోతానంటే ఇద్దరూ ఒప్పుకోలేదు. వాళ్ల కారులోనే ఆస్పత్రికి తీసుకెళ్లి, మా అమ్మాయి వచ్చేదాకా కూర్చుని, నేను లోపలుండగానే వెళ్లిపోయారు. పేర్లు కూడా అడగలేదు నేను. ఇది వాళ్లదాకా చేరితే బాగుండు. అమ్మా, బాబుగారూ, స్కాన్‌లో ఏమీ లేదన్నారు. తలనొప్పి పెరిగినా, వాంతులైనా, మత్తుగా ఉన్నా వెంటనే రమ్మన్నారు, రెండు రోజులు ఇంట్లో ఒకరు కనిపెట్టుకుని ఉన్నారు. అలాంటివేవీ కాలేదు. మీ చేతిరుమాలు నా దగ్గరే ఉండిపోయింది.

సాయంత్రం మాస్టారు ఇంటికొచ్చారు. హ్యాండిల్ పక్కకు తిరిగి ఉంది, బ్రేకు లివర్ కిందికి వాలిపోయింది. ఆయన కుర్చీలో కూర్చుని చేతులు కట్టుకున్నారు, ఎప్పటిలాగే. నా చెయ్యి వాచి ఉంది కాబట్టి స్క్రూలు తిప్పే అలెన్ కీ మా అమ్మాయి పట్టుకుంది, నేను చెబుతూ పోయాను. చక్రం మళ్లీ తీసి పెట్టించాను. మా అమ్మాయి లివర్ మూశాక, మాస్టారు నోరు తెరవకముందే "అచ్చు పడిందా?" అని అడిగేశాను.

హెల్మెట్ పైన చిన్న గీత తప్ప ఏమీ కనిపించడం లేదు. ఇంకా వాడుకోవచ్చు కదా అని నసిగాను. లోపలి మెత్త తీసి చూడమన్నారు. థర్మోకోల్‌లో ఇంత పొడవు చీలిక. దాని పని ఒక్కసారి నలిగి దెబ్బను తాను మింగేయడమే, రెండోసారికి అందులో ఏమీ మిగలదట. ఊరికే పారేస్తే ఎవరో బాగుందనుకుని తీసుకుని పెట్టుకుంటారు, పట్టీలు కత్తిరించి పారేయమన్నారు.

మాస్టారూ, కత్తిరించేశాను. కొత్తది వచ్చింది. ఈ ఆదివారం రాలేను, డాక్టరు ఇంకో వారం ఆగమన్నారు.